ముందు జాగ, తర్వాత గోడ

ఈ పూట ఇంటి జాగ గురించి మాట్లాడుకుందాం. ఇల్లు సంగతి తర్వాత. ముందు జాగ.

ఆర్మూర్ నుంచి ఏ దిక్కుకు పోయినా, రోడ్డు పక్కన చేన్లలో పాతిన రాళ్లు కనిపిస్తున్నాయి కదా. సున్నం కొట్టి, నెత్తిన ఎర్ర రంగు వేసిన రాళ్లు. పోయిన ఏడు అక్కడ పసుపో, మక్కో, ఎర్రజొన్నో ఉండేది. ఈ ఏడు వెంచర్. మన ఊరు ఉన్న చోటు అట్లాంటిది మరి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఇటే. నిజామాబాద్ నుంచి జగిత్యాల పోయే 63వ నంబరు రహదారీ ఇటే. 2017లో పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం పూర్తయ్యాక రైలు కూడా వచ్చింది. దుబాయిలోనో మస్కట్‌లోనో చెమటోడ్చి పంపిన పైసలు చివరికి వచ్చి పడేది ఈ రాళ్ల మధ్యనే.

అది కొనుక్కోగలిగినవాళ్ల సంగతి. నేను చెప్పబోయేది ఇంకో రకం ప్లాటు గురించి. సర్కారు పట్టా ఇచ్చిన ప్లాటు. ఊరి చివర, వాగు పక్కనో గుట్ట కిందో, కాలనీ అని పేరు పెట్టి గీతలు గీసి ఇచ్చిన ప్లాటు. పట్టా కాగితం ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంటుంది. జాగలో మాత్రం తుమ్మ చెట్లు మొలుస్తాయి. ఎందుకు?

ఎందుకంటే, నేల ఉన్నంత మాత్రాన అది ఇంటి జాగ కాదు. నాలుగు వస్తేనే అది ఇంటి జాగ. దారి. నీళ్లు. కరెంటు. మోరీ. ఈ నాలుగూ గుర్తు పెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తాయి. దారి, నీళ్లు, కరెంటు, మోరీ. మరి ఈ నాలుగింటికీ పైసలు ఎవరు పెడతారు? ఎప్పుడు పెడతారు? ఈ పూట మన ముచ్చట ఇదే.

ఒక అక్కను ఊహించుకోండి. మన దిక్కు ఏ ఊళ్లోనైనా కనిపించే అక్కే. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. పాత పట్టా ఉంది, ఇప్పుడు ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. అయిదు లక్షలు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన పథకం ఇది. మొదటి విడతలో సొంత జాగ ఉన్నవాళ్లకే ఇస్తామన్నారు. అక్కకు జాగ ఉంది. కాగితం ప్రకారం ఉంది.

ముగ్గు పోసింది. ఇసుక ట్రాక్టరు వచ్చింది. కాలనీ మొదట్లో బురదలో దిగబడింది. డ్రైవర్ అక్కడే కుమ్మరించి, "ఇంతకంటే లోపలికి రాదక్కా" అని వెళ్లిపోయాడు. అక్కడి నుంచి తట్టలతో మోయాలి. ఆ కూలి ఎవరిస్తారు? అక్కే. బేస్‌మెంట్ లేచింది. సిమెంటు పనికి రోజూ నీళ్లు కొట్టాలి కదా. నల్లా లేదు. ట్యాంకర్ తెప్పించాలి. ఆ పైసలు ఎవరివి? అక్కవే. మోటారు ఆడించాలంటే కరెంటు కావాలి. స్తంభం రెండు గల్లీల అవతల ఉంది. కట్టెలు పాతి, వాటి మీద సర్వీసు వైరు లాక్కొచ్చారు. గాలి వానకు ఆ వైరు తెగి పడితే? పిల్లలు తిరిగే చోటు అది.

ఇప్పుడు ఆ అయిదు లక్షల లెక్క చూడండి. బేస్‌మెంట్ అయితే లక్ష. గోడలు లేస్తే లక్షా ఇరవై అయిదు వేలు. స్లాబు పడితే లక్షా డెబ్బై అయిదు వేలు. అంతా అయ్యాక మిగిలిన లక్ష. నాలుగు విడతలు, నాలుగూ ఇంటి కోసమే. బేస్‌మెంట్, గోడ, స్లాబు, రంగు. దారికి అందులో రూపాయి లేదు. మోరీకి రూపాయి లేదు. అయినా అక్క ఆ పైసల్లోంచే దారికీ నీళ్లకూ ఖర్చు పెడుతోంది. తట్టల కూలి రూపంలో, ట్యాంకర్ రూపంలో. ఆఖరికి తలుపులకు తక్కువ పడితే చిట్టీ ఎత్తుతుంది. ఊళ్లో వాళ్లేమో "అయిదు లక్షలిచ్చినా ఇల్లు పూర్తి చేసుకోలేదు" అంటారు.

జాగకు విడిగా పైసలు కావాలన్న సంగతి సర్కారుకు తెలియక కాదు. చాలా ఏళ్ల కిందటే తెలుసు. ఊళ్లలో భూమి లేని కూలీలకు ఇంటి జాగలిచ్చే పథకాన్ని కేంద్రం 1971లోనే తెచ్చింది. తర్వాత 1974లో దాన్ని రాష్ట్రాల చేతికి ఇచ్చారు. 1980లో మొదలైన ఆరో పంచవర్ష ప్రణాళికలో, ఒక్కో కుటుంబానికి జాగ బాగు చేయడానికి 250 రూపాయలు, కట్టుకోవడానికి 500 రూపాయలు అని లెక్క గట్టారు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. రెండొందల యాభైకి ఈ రోజు ఏమొస్తుంది? కానీ ఒక్క మాట గమనించండి. ఇంటికి పెట్టిన దాంట్లో సగం, జాగకు పెట్టారు. జాగకు వేరే పద్దు ఉంది. దారికీ మంచినీళ్లకూ కూడా అందులోనే లెక్క.

తర్వాత 1985లో ఇందిరా ఆవాస్ వచ్చింది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరమ్మ కార్యక్రమం వచ్చింది. ఇళ్ల సంఖ్య లక్షలకు పోయింది. ఇన్ని లక్షల ఇళ్లు అని గోడల మీద రాసుకున్నారు. ఇన్ని లక్షల జాగలకు మోరీ కట్టాం అని ఎవరైనా రాసుకోగా చూశారా? మోరీ దగ్గర నిలబడి ఫొటో దిగడానికి ఎవరికీ మనసు రాదు లెండి.

2015లో మన తెలంగాణలో డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకానికి జీవో ఇచ్చారు. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంది. ఇళ్లు అనుకున్నన్ని కట్టలేదు. కట్టినవి కూడా కొన్ని చోట్ల పంచక, ఏళ్ల తరబడి తాళాలతోనే ఉన్నాయి. అదంతా నిజమే. కానీ ఆ జీవోలో నాకు నచ్చిన లెక్క ఒకటుంది. ఊళ్లలో ఒక్కో ఇంటికి 125 గజాల జాగ. ఇల్లు 560 చదరపు అడుగులు. కట్టడానికి 5 లక్షల 4 వేలు. దానికి తోడు, మౌలిక వసతులకని విడిగా, ఇంటింటికీ లక్షా పాతిక వేలు. మళ్లీ చెబుతాను. ఇంటికి అయిదు లక్షల పైచిలుకు. దారి, నీళ్లు, కరెంటు, మోరీ లాంటి వాటికి విడిగా లక్షా పాతిక వేలు. ఊళ్లో ఇంటి జాగను ఇంటి జాగ చేయడానికి ఎంతవుతుందో సర్కారే కాగితం మీద ఒప్పుకున్న అంకె అది. అది పదేళ్ల కిందటి ధర. ఇవాళ సిమెంటు, ఇనుము, కూలి ఎక్కడున్నాయో మీకు తెలుసు.

మరి ఇప్పుడు మన అక్క కాలనీకి ఆ లక్షా పాతిక వేలు ఏ ఖాతాలోంచి రావాలి? ఖాతా ఒకటి కాదు, అదే చిక్కు. సీసీ రోడ్డుకు ఇన్నేళ్లూ ఉపాధి హామీ నుంచి తెచ్చుకున్నాం. 2005 చట్టం అది. అందులో కూలికి 60 పాళ్లు పోతే సామాన్లకు 40 పాళ్లు మించకూడదని ఉండేది. అంటే ఊళ్లో మట్టి పనులు బాగా జరిగితేనే సీసీ రోడ్డుకు సిమెంటు వచ్చేది. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబర్లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. మోరీకీ, మంచినీళ్లకూ ఆర్థిక సంఘం నిధులున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి పంచాయతీలకిచ్చిన దాంట్లో 60 పాళ్లు నీళ్లకూ పారిశుద్ధ్యానికే వాడాలని కట్టుబాటు పెట్టింది. మిగిలిన 40 పాళ్లు ఊరి అవసరాన్ని బట్టి. పైపులైను మిషన్ భగీరథ వాళ్లది. మన దిక్కు శ్రీరాంసాగర్ నీళ్లే అందులో వచ్చేది. స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్ వాళ్లవి. ఎస్సీ, ఎస్టీ కాలనీలకైతే 2017లో చేసిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం నుంచి విడి నిధులు. అవన్నీ తీరాక ఎమ్మెల్యే గారి నిధులు, ఎంపీ గారి నిధులు.

ఇన్ని ఖాతాలున్నాయి. ఒక్కో ఖాతాకు ఒక్కో ఆఫీసు. ఒక్కో ఆఫీసుకు ఒక్కో ఇంజనీరు. ఒక్కో ఖాతా పైసలు ఒక్కో నెలలో వస్తాయి. అంతా ఒక్కసారి ఎన్నడూ రాదు. దాంతో ఏమవుతుందో మీరంతా చూసిందే, అయినా చెబుతాను.

మార్చి వస్తుంది. పద్దు మురిగిపోతుందని హడావుడిగా సీసీ రోడ్డు వేస్తారు. కొబ్బరికాయ కొడతారు. రోడ్డు నున్నగా, ముద్దుగా ఉంటుంది. సంక్రాంతికి ఆ రోడ్డు మీద ముగ్గులు కూడా పడతాయి. తర్వాత ఒక రోజు పైపు వాళ్లు వస్తారు. నడిమధ్యన కోసి, పైపు వేసి, మట్టి కప్పి వెళ్లిపోతారు. ఇంటింటికీ కనెక్షన్ ఇవ్వాలని మళ్లీ అడ్డంగా కోస్తారు. ఆ గాట్లు మళ్లీ సిమెంటుతో పూడ్చే పద్దు ఎవరి దగ్గరా ఉండదు. ఆ తర్వాత మోరీ మంజూరవుతుంది. మోరీ కోసం రోడ్డు అంచులు పగలగొడతారు. ఒక్క గల్లీలో ఒక్క రోడ్డుకు మూడుసార్లు ఖర్చు.

ఇక ఎత్తు సంగతి. పాత రోడ్డు తవ్వి తీయకుండా దాని మీదనే కొత్తది పోస్తారు. అట్లా రెండుసార్లు పోస్తే రోడ్డు జానెడు లేస్తుంది. ఇంటి గడప కిందికి పోతుంది. వాన కొడితే రోడ్డు మీద నీళ్లు నేరుగా వసారాలోకి. ఆ ఇంటి పెద్దమ్మ గడపకు అడ్డంగా రెండు వరసల ఇటుకలు కట్టుకుంటుంది. ఇకనుంచి ఇంట్లోకి పోవాలంటే ఆ ఇటుకలు దాటి కాలు పెట్టాలి. మీ గల్లీలో ఇట్లాంటి గడప ఒక్కటన్నా ఉండే ఉంటుంది. రేపు పొద్దున చూడండి.

కరెంటుది ఇంకో కథ. ఇళ్లు లేవు కదా, స్తంభాలు ఎందుకు అంటారు ఆఫీసులో. స్తంభాలు లేవు కదా, ఇల్లెట్లా కట్టను అంటుంది అక్క. ఇద్దరిదీ సబబుగానే ఉంటుంది. కాలనీ మాత్రం అట్లాగే ఉంటుంది.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆర్మూర్ రైతుకు చెప్పనక్కర్లేదు. ఆర్మూర్ పేరుతో పసుపు రకమే ఒకటుంది. పసుపు పెట్టేవాళ్లు ఏం చేస్తారు? విత్తనం కొమ్ము తెచ్చి ముందే నాటేసి, తర్వాత తీరిగ్గా బోదెలు తోలుతారా? నీళ్లు పోయే కాలువ పంట మొలిచాక తవ్వుతారా? నీళ్లు నిలిస్తే దుంపకుళ్లు వస్తుందని చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. ముందు నేల పని. తర్వాతే విత్తనం. కాలనీ కూడా అంతే. ముందు జాగ, తర్వాత గోడ.

పక్క రాష్ట్రం వైపు ఒకసారి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 25న పెద్ద ఎత్తున ఇళ్ల పట్టాలు మొదలుపెట్టారు. 30 లక్షలకు పైగా పట్టాలు, 17 వేల లేఅవుట్లు అన్నారు. ఊళ్లలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. అంత జాగ ఒక్కసారి దొరకడం మాటలా? చాలా చోట్ల పల్లపు నేల దొరికింది. వానాకాలంలో కొన్ని లేఅవుట్లలో మోకాళ్ల లోతు నీళ్లు. మట్టి తోలి మెరక చేయాల్సి వచ్చింది. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఊళ్లలో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంది. పెద్ద జాగ మంచిదే. కానీ మూడు సెంట్లు నీళ్లలో ఉంటే ఏం లాభం? జాగ ఎంత అని ఒక్కసారి అడిగితే, నీళ్లు ఎటు పోతాయని రెండుసార్లు అడగాలి.

ఇంకొంచెం దూరం పోదాం. మద్రాసు. 1977లో అక్కడ ప్రపంచ బ్యాంకు అప్పుతో ఒక పని చేశారు. అరుంబాక్కం, విల్లివాక్కం, కొడుంగైయూర్ దిక్కు. ఇళ్లు కట్టివ్వడం మీద కాక, జాగ మీద పైసలు పెట్టారు. ప్లాట్లు గీశారు. దారులు వేశారు. నీళ్లు, మురుగు, కరెంటు, బడికి చోటు. ఇక మీ ఇల్లు మీకు వీలైనట్టు కట్టుకోండి అన్నారు. మొదట్లో జనం తొందరగా రాలేదు. ఈ పద్ధతి పనికిరాదని బ్యాంకు వాళ్లే 1990ల్లో పక్కన పెట్టేశారు. చాలా ఏళ్ల తర్వాత పరిశోధకులు మద్రాసులో ఆ కాలనీలకూ, బొంబాయిలో ఇట్లాగే వేసిన కాలనీలకూ పోయి చూశారు. నిండు పేటలు. ఒక అంతస్తు రెండు అంతస్తులైంది. కింద కిరాణం, పైన కాపురం. గరీబు, మధ్యతరగతి పక్కపక్కన ఉన్నారు. జనం ఇల్లు వాళ్లే కట్టుకున్నారు. వాళ్లతో కానిది ఒకటే, పేట మొత్తానికి దారీ మురుగు కాలువా వేయడం. అది సర్కారు చేసింది.

నా మాట కూడా అదే. గోడ మనిషి కట్టుకోగలడు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు కట్టుకుంటాడు. గల్ఫ్ నుంచి తెచ్చో, చిట్టీ ఎత్తో, పసుపు అమ్మో కట్టుకుంటాడు. కానీ మోరీ ఒక్కడు కట్టుకునేది కాదు. నా ఇంటి ముందు మోరీ కట్టుకుంటే ఆ నీళ్లు మీ ఇంటి ముందుకు వస్తాయి, అంతే. సర్కారు దగ్గర ఒక్క రూపాయే ఉంటే, ఆ రూపాయి ముందు జాగకు పోవాలి.

ఇక్కడ మన దిక్కు ప్రత్యేకత ఒకటి చెప్పుకోవాలి. మన ఆర్మూర్, బాల్కొండ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. వీడీసీ అంటే తెలియనివాళ్లు లేరు. సర్కారు పైసలు వచ్చేదాకా ఆగకుండా, ఊరే పైసలు జమ చేసుకుని బడికి గదులు కట్టుకున్న ఊళ్లున్నాయి, రోడ్లు వేసుకున్న ఊళ్లున్నాయి. అది గొప్పే. అదే కమిటీలు మాట వినని కుటుంబాలను ఊరు వెలి వేసిన సంగతులు, పోలీసు కేసులు కూడా మనకు తెలుసు. దాన్ని మెచ్చుకునేదేముంది? పైగా కమిటీ పైసలతో ముందు బాగుపడేది ఊరి నడిబొడ్డు. ఊరి చివర కాలనీ వరస ఆఖరున. అందుకే కాలనీ మోరీ కమిటీ దయ మీద ఉండకూడదు. పంచాయతీ పద్దులో ఉండాలి.

ప్రైవేటు వెంచర్లలో ప్లాటు కొన్నవాళ్లు కూడా వింటున్నారేమో, వాళ్లకు రెండు మాటలు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు 15 శాతం ప్లాట్లు పంచాయతీకి తనఖా పెట్టాలని నిబంధన ఉంది. రోడ్లు, మోరీలు, స్తంభాలు పూర్తి చేస్తేనే ఆ తనఖా విడిపించాలి. మన చేతిలో ఉన్న పట్టు అదే. పని పూర్తి కాకముందే తనఖా విడిపోతే, ఆ రోడ్డు ఖర్చు ఊరి మీద పడుతుంది. అనుమతే లేని వెంచర్లయితే ఇక చెప్పేదేముంది? 2020లో అట్లాంటి ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ అంటే వెయ్యి రూపాయలు కట్టి రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టుకున్నారు. 2025లో పాతిక శాతం రాయితీ అంటే చాలామంది కట్టారు. మీరూ కట్టి ఉంటే, ఆ పైసల్లోంచి మీ గల్లీకి ఏమొచ్చిందని అడిగే హక్కు మీకుంది.

అడగడానికి ఇప్పుడు మనుషులున్నారు కూడా. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు మన పంచాయతీల్లో సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారులే. ఎన్నికైన పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. అంతకుముందు పని చేసిన సర్పంచులు బిల్లులు రాక రోడ్డెక్కారు. సొంత పైసలు పెట్టి మోరీ కట్టించి అప్పుల్లో పడ్డవాళ్లున్నారు. 2025 డిసెంబర్లో మూడు విడతల్లో ఎన్నికలు జరిగాయి. కొత్త సర్పంచులు, కొత్త వార్డు సభ్యులు వచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి.

ఆ గ్రామసభకు పోండి. మన అక్కలాంటివాళ్లను తప్పకుండా తీసుకుపోండి, బీడీల పని ఒక పూట ఆగితే ఆగింది. పోయి మూడు సంగతులు అడగండి.

మొదటిది. మా కాలనీ నక్షా చూపించండి. అందులో రోడ్డు ఎన్ని అడుగులని ఉంది? నేల మీద ఎన్ని అడుగులుంది? మధ్యలో ఎవరైనా కొట్టమో ప్రహరీయో జరిపారా? ఇళ్లు లేవకముందే ఇది తేల్చుకోవాలి. గోడ లేచాక రోడ్డు వెడల్పు గురించి మాట్లాడితే పంచాయితీ తెగదు.

రెండోది. మోరీ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి? ఒర్రెలోకా, కాలువలోకా, ఇంకుడు గుంతలోకా? చివర ఎక్కడో చెప్పకుండా మొదలుపెట్టిన మోరీ, ఎవరో ఒకరి ఇంటి ముందు ఆగిపోతుంది. సాధారణంగా ఆ ఇల్లు గ్రామసభకు రాని ఇల్లే అయి ఉంటుంది.

మూడోది. వరస. ముందు పైపు, తర్వాత మోరీ, ఆఖరున రోడ్డు. మళ్లీ చెబుతున్నా. ముందు పైపు. తర్వాత మోరీ. ఆఖరున రోడ్డు. ఈ వరస తీర్మానంలో రాయించండి. రోడ్డు పద్దు ముందొస్తే, పైపు వాళ్ల దగ్గర నుంచి పని అయిపోయిందనే కాగితం వచ్చేదాకా పని మొదలుపెట్టొద్దని కూడా అందులో రాయించండి. మార్చి నెల దాటిపోతుందని ఎవరైనా తొందర పెడితే, పోయినసారి వేసిన రోడ్డు మీద గాట్లు ఎన్నున్నాయో వెళ్లి లెక్కపెట్టి రమ్మనండి.

తీర్మానం నకలు ఒకటి అడిగి తీసుకోండి. పట్టా పెట్టిన పెట్టెలోనే దాన్నీ పెట్టుకోండి.